ఎర్ర దుబ్బ రెండో భాగం

మా కోడలు కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న సామానంతా వెనక ఆటోలో వస్తే, ఒక్క లాప్‌టాప్ మాత్రం దుప్పట్లో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఆలేరు నుంచి మర్రిగూడ దగ్గరి మా ఊరి దాకా దాన్ని ఒకరి చేతికీ ఇవ్వలేదు. లోపల బంగారం ఉందేమోనని మా ఆయన నా చెవిలో అన్నాడు.

పిల్ల మంచిదే. పొద్దున నేను లేచేసరికి వాకిలి ఊడ్చి ఉండేది. కానీ మాట లేదు. అడిగితే జవాబు చెప్పేది, అడగకపోతే తలకాయ దించుకుని పని చేసుకునేది. నాకేమో పక్కన మనిషి ఉంటే నోరు ఊరుకోదు. నేను నాలుగో తరగతి దాకే చదివినా, చిన్నప్పటి నుంచి విన్నదంతా తలలో అట్లే ఉంది. అదంతా ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేను. ఒకరోజు మా ఆయనను అడిగాను.

"గీ పిల్లకు నేనంటే భయమా, అలుకనా?"

"నువ్వు జర సందు ఇస్తే గదనే, ఆమె మాట్లాడేది" అన్నాడు.

ఆ వానకాలం ముసురు పట్టింది. పత్తి చేన్లలో కాలు పెట్టేటట్టు లేదు. మా కొడుకు చౌటుప్పల్ దగ్గర కంపెనీలో డ్యూటీకి పోయాడు. నేను చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లేరుతున్నాను. కోడలు వచ్చి, "అత్తమ్మా, టీవీల ఏమన్న చూస్తున్నరా?" అని అడిగింది. లేదన్నాను. లాప్‌టాప్ తెచ్చి ఒక వైరు టీవీకి పెట్టింది. సంచిలోంచి ఒక రిమోటు తీసింది. అది మామూలు రిమోటు కాదు, రెండు చేతులతో పట్టుకునేది. దాని మీద బొటనవేళ్లతో తిప్పే గుండీలు రెండున్నాయి.

టీవీ నిండా ఎర్రటి నేల కనబడింది. చెట్టు లేదు, పిట్ట లేదు. ఆకాశం పసుపు కలిపిన పిండిలాగా ఉంది. ఉబ్బిన బట్టలు వేసుకుని, తలకు గాజు బుడ్డి లాంటిది పెట్టుకుని ఒక మనిషి ఒక్కతే నడుస్తోంది. గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. సినిమా అనుకుని చూస్తున్నాను. ఎంతకూ పాట రాలేదు, రెండో మనిషి రాలేదు.

"ఎవలు బిడ్డా గామె?"

"తెల్వదు అత్తమ్మా. ఆమెకే తెల్వదు."

"ఆమెకే తెల్వకుంటే మరి యాడికి పోతాంది?"

"రేడియోల ఎవరో పిలుస్తున్నరు. ఆ గొంతు దిక్కు పోతాంది. ఇది సినిమా కాదు, ఆట. నేను నడిపిస్తేనే నడుస్తది."

అంతలో ఆమె ఒక గుంత దగ్గరికి వచ్చింది. అందులో పచ్చగా మెరిసే నీళ్లున్నాయి. "గా నీళ్లు తాగకుమని చెప్పు" అన్నాను. మా మండలంలో పుట్టిన వాళ్లకు, కొత్త నీళ్లు చూడగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. నా పండ్ల మీది మరకలు మా పాత బోరు ఫ్లోరైడు నీళ్లవే.

కోడలు నా దిక్కు చూసి నవ్వింది. మా ఇంట్లో ఆమె పండ్లు కనబడేటట్టు నవ్వడం అదే మొదలు. "నిజమే అత్తమ్మా, తాగితే చస్తది. నేను ఇంతకుముందు తాపి సంపిన."

ఆ ఆటకు ఇంగ్లీషులో ఏదో పేరుంది. అది నా నోరు తిరగలేదు. మా ఎర్ర చెల్కల మట్టి రంగే కాబట్టి ఎర్ర దుబ్బ అని పేరు పెట్టాను. ఇంట్లో అందరికీ అదే పేరైంది. రేడియోలో వచ్చే గొంతు కూడా ఇంగ్లీషులోనే మాట్లాడేది. అది నాకు తెలియాలంటే కోడలు తెలుగులో చెప్పాలి, చెప్పాలంటే నోరు తెరవాలి. అట్లా తెరిచింది. గొంతు ఏమందో చెప్పేది, ఆ పైన తనకేమనిపించిందో చెప్పేది. చిన్నప్పుడు వాళ్లన్నతో కలిసి ఇట్లాంటి ఆటలు ఎట్లా ఆడేదో, రిమోటు కోసం ఎట్లా కొట్టుకునేవాళ్లో కూడా చెప్పేది. ముసురు పోయి ఎండ వచ్చింది, పత్తి పగిలింది. పని నుంచి వచ్చి, వంట ముగించి, ఇద్దరం టీవీ ముందర కూర్చునేవాళ్లం. మా ఆయన పక్కనే పండుకుని, చూడనట్టు చూసేవాడు.

చివరికి ఆమె ఆ గొంతు వచ్చే గోపురం దగ్గరికి చేరింది. చేరేసరికి ఆకాశం నల్లబడింది. వెనక నుంచి విషపు పొగ తరుముకుంటూ వస్తోంది. ఆమె ఉరికింది. తలుపు దగ్గరికి వచ్చిందో లేదో టీవీ అంతా చీకటి. ఆ చీకట్లో ఇనుప తలుపు ధన్‌మని మూసుకున్న చప్పుడు. అంతే, పేర్లు పడ్డాయి.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"తలుపు ఎవలు మూసిన్రు? ఆమె లోపలున్నదా, బయటున్నదా?"

"రెండో భాగంల చెప్తరట."

"ఎప్పుడొస్తదట?"

"చేసేటోళ్లకే తెల్వదు అత్తమ్మా."

ఆ పొద్దు అన్నం అడుగంటింది. అందరం అట్లే తిన్నాం.

పత్తి ఏరేటప్పుడు ఆ కథంతా కూలికి వచ్చిన ఆడవాళ్లకు చెప్పాను. చెప్పాక వాళ్లకు కూడా నిద్ర పట్టలేదు. "లోపలున్నది సవతే, గందుకే మొఖం మీద మూసింది" అని ఒకామె తేల్చి చెప్పింది. "కథల మొగడే లేడు గదనే, సవతి ఏడికెళ్లొస్తది?" అని ఇంకొకామె అంటే చేనంతా నవ్వులే. మరునాటి నుంచి నన్ను చూడగానే పలకరింపు మారిపోయింది. బాగున్నవా అని అడిగేవాళ్లు లేరు. "తలుపు తీసిన్రా, అక్కా?" అనే అడిగేవాళ్లు. నేనూ కోడలూ ఒక మాట అనుకున్నాం. రెండో భాగం ఎప్పుడొచ్చినా ఒకరు లేకుండా ఒకరు చూడొద్దు.

తర్వాత కోడలు నెల తప్పింది. ఏడో నెలలో వాళ్లమ్మ వచ్చి, ఒడిబియ్యం పోసి, తొలి కాన్పుకు ఆలేరు తీసుకుపోయింది. టీవీ ముందు నా పక్క జాగా ఖాళీ అయింది. మా ఆయన వచ్చి కూర్చున్నాడు గాని, ఆయనకు వార్తలు కావాలి.

కాన్పు దగ్గరపడ్డాక ఒకనాడు పొద్దున్నే ఫోను.

"అత్తమ్మా, వచ్చింది."

నా చేతిలో చెంబు కింద పడింది. "నొప్పులా బిడ్డా?"

"నొప్పులు కాదు. రెండో భాగం. అన్న కొనిచ్చిండు."

"సచ్చి బతికిన గదనే. ఎట్లుంది?"

"నేనింక చూడలే. మీరు లేకుంట ఎట్ల చూస్త? కాన్పయి వచ్చినంక చూద్దాం తియ్యుండ్రి."

సరేనని ఫోను పెట్టేశాను గాని, లోపల నాకు తెలుసు. మా దిక్కు బాలింతకు చెవుల్లో దూది, తలకు గుడ్డ. టీవీ చూడొద్దు, ఫోను చూడొద్దు, సూదిలో దారం ఎక్కించొద్దు, కండ్లు గుంజుతాయంటారు. మా వియ్యపురాలు ఈ పట్టింపుల్లో నాలుగాకులు ఎక్కువే. బాలింతతనం తీరేసరికి పిల్ల బోర్లా పడుతుంది, ఆ తర్వాత పాకుతుంది. రెండు చేతులతో పట్టుకోవలసిన రిమోటు ఏ తల్లికి కుదురుతుంది? చూస్తే కాన్పుకు ముందే చూడాలి. లేకపోతే మేమిద్దరం కలిసి చూడడం అనేది ఇక లేదు.

పోవడానికి లేదు మళ్లీ. కోడలు తల్లిగారింటికి కాన్పుకు పోయాక, పిలవకుండా అత్త ఆ గడప తొక్కడం మా దగ్గర లేదు. బిడ్డ పుట్టిన కబురు వస్తే పురుడుకు పోవాలి. ముందే పోతే పిల్లను సరిగ్గా చూసుకోవడం లేదని తనిఖీకి పోయినట్టు.

అయినా పోయాను. జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు, మలీద ముద్దలు సంచిలో పెట్టుకుంటుంటే మా ఆయన అడిగాడు. "ఏం పని పడ్డదే?"

"మనసు గుంజుతాంది."

"మనసు గుంజుతాందా, ఎర్ర దుబ్బ గుంజుతాందా?"

"నువ్వు బర్రెకు మేత వెయ్యి" అని చెప్పి బస్సెక్కాను. చౌటుప్పల్‌లో దిగి, భువనగిరిలో దిగి, ఆలేరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

మా వియ్యపురాలికి రైలు పట్టాల పక్క ఇల్లు, ఇంటి ముందర చిన్న కూరగాయల దుకాణం. భర్త లేడు, కొడుకు డీసీఎం వ్యాను నడుపుతాడు. నన్ను చూసి ఆమె చేతిలో తక్కెడ అట్లే ఆగిపోయింది.

"వదినే, చెప్పకుంట వచ్చినవు?"

"ఉత్తగనే వచ్చిన వదినే."

ఆ ఉత్తగనే అన్నదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆడపిల్ల తల్లికి ఉత్తగా వచ్చిన వియ్యపురాలు అంటూ ఎవరూ ఉండరు. కాళ్లకు నీళ్లిచ్చింది. దుకాణం ముందర గోనెసంచి కప్పేసింది. కొడుకుకు ఫోను చేసి చిన్న గొంతుతో మటన్ తెమ్మంది. నేను ఇంకా మంచం మీద సరిగ్గా కూర్చోనేలేదు, డాక్టరు కాగితాలు, టానిక్కు సీసాలు, పండ్ల సంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇగో, పొద్దుగాల గుడ్డు పెడుతున్న. మాపటికి పాలు. దానిమ్మకాయలు మానిపియ్యలే."

"నేను అడిగిన్నా వదినే?"

"అడగకున్నా నాకు తెల్వదా?"

కోడలు లోపలి గది తలుపు దగ్గర నిలబడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు అంతా తెలుసు. నవ్వు ఆపుకుంటోంది. నేను కండ్లతోనే ఉరిమాను.

అన్నం పెట్టింది. నేను వద్దంటున్నకొద్దీ మటన్ ముక్కలు పడుతూనే ఉన్నాయి. తినడమయ్యాక కొత్త చీరొకటి తెచ్చి పక్కన పెట్టి, నా ఎదురుగా కింద కూర్చుంది. కండ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"సక్కగ చెప్పు వదినే. పిల్లను పట్నం దవాఖానకు తీస్కపోదామని వచ్చినవు గద? నేను చూసుకునుడు మీకు నచ్చుతలేదు గద?"

ఇక దాచలేకపోయాను. "వదినే, నేను ఎర్ర దుబ్బ చూద్దామని వచ్చిన."

"ఎర్ర దుబ్బనా? మా ఆలేరుల గట్లాంటి జాగా లేదు గద. ఏమన్న జాతరనా?"

కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. వాళ్లమ్మకు కోపం వచ్చి, తర్వాత అనుమానం వచ్చి, చివరికి కోడలే కూర్చుని అంతా విప్పి చెప్పింది. మా వియ్యపురాలు నా దిక్కు తిరిగింది.

"గీ బొమ్మల కోసం గిన్ని బస్సులు మారినవా?"

"మారిన."

"నేనేమో పెండ్లికి ముంగట దీనికి ఒక్కటే చెప్పిన. అత్తగారింట్ల గా ఆట ముట్టకే, ఇజ్జత్ పోతదని." చీర మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఇస్తుందా దాచేస్తుందా అని చూశాను. నా ఒళ్లోనే పడేసి, "కట్టుకో, బొమ్మలకైనా మంచి చీర ఉండాలె" అంది.

ఆ మాపటికే మొదలుపెట్టాం. రెండో భాగం గోపురం లోపల మొదలైంది. చిన్న గది, ఒక రేడియో, గాజు డబ్బాల్లో పెంచే మొక్కలు, ఒక ఆడమనిషి. నోరు తెరవగానే గుర్తుపట్టాను. మొదటి భాగం అంతా పిలిచిన గొంతు ఆమెదే. ఎర్ర దుబ్బ మీద నడిచే మనిషి ఇప్పుడు ఆమె కిటికీలోంచి చుక్కంత కనబడుతుంది. అప్పుడు మేము బయట నుంచి చూసిందంతా ఇప్పుడు లోపల నుంచి చూడాలి. ఆమె పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంటోంది. మేమేమో నిరుడంతా చేన్లో ఆమెను సవతిని చేసి తిట్టుకున్నాం.

మా వియ్యపురాలు మొదట గడప బయట కూర్చుని, టీవీకి వీపు పెట్టి చిక్కుడుకాయ ఈనెలు తీసింది. కాసేపటికి, "గామెకు అన్నం ఎవలొండుతరు?" అని అడిగింది. తర్వాత గడప మీదికి వచ్చింది. మరునాడు నా పక్కన కూర్చుని, "ఆ మొక్కకు నీళ్లు పొయ్యకుంట పోతున్నవేందే?" అని బిడ్డను తిడుతోంది. దుకాణానికి వచ్చిన వాళ్లు పిలిచి పిలిచి, తామే తూచుకుని డబ్బాలో పైసలేసి పోయారు.

ఆ రోజు కోడలిని చూపించడానికి తీసుకుపోతే, బీపీ కొంచెం ఎక్కువుంది, రేపు పొద్దున వచ్చి చేరమంది డాక్టరమ్మ. ఫికర్ చెయ్యాల్సింది లేదంది గాని, ఇంటికి వచ్చాక ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. ఉన్నది ఆ సాయంత్రమే. కొడుకు టమాట లోడు దించడానికి పట్నం పోయాడు, తెల్లారి వస్తాడు. దీపం పెట్టి, టీవీ పెట్టాం.

ఆట చివరికి వచ్చింది. నడిచేది గోపురం దగ్గరికి వచ్చేస్తోంది. అంతలో ఆకాశంలో నల్లటి ముద్ద ఒకటి జరిగి జరిగి సూర్యుడి అంచును కొరికింది. నాకు అప్పుడు అర్థమైంది, మొదటి భాగంలో ఆకాశం ఎందుకు నల్లబడిందో. నేను నోరు తెరిచేలోపల మా వియ్యపురాలు లేచింది. భుజం మీది తువ్వాల టీవీ మీద వేసి, రెండో చేత్తో బిడ్డ కండ్లు మూసింది.

"గ్రహణం. చూడకు బిడ్డా."

"అమ్మా, అది బొమ్మనే."

"బొమ్మదైనా గ్రహణం గ్రహణమే. కడుపుల బిడ్డున్నది. మొర్రి వస్తే ఎవలు జవాబు?"

"అత్తమ్మా, జర మీరన్న చెప్పుండ్రి."

నాకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. నా కొడుకు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం పడితే మా అత్త నన్ను చీకటి గదిలో పండబెట్టి పక్క కూడా మర్లనియ్యలేదు. నేను తిట్టుకున్నా, కదలలేదు. "వదినె చెప్పింది ఖరే బిడ్డా" అన్నాను. కోడలు నన్ను పార్టీ మారినదాన్ని చూసినట్టు చూసింది. మరునాటి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. దవాఖానలో నర్సమ్మ మనవరాలిని తెచ్చి చేతిలో పెడితే, మా వియ్యపురాలు ఆడపిల్లనా మగపిల్లనా అని అడగలేదు. గుడ్డ తీసి ముందు పెదవులు చూసింది. బిడ్డ పెదవులు గులాబీ రెక్కల్లా ఉన్నాయి. తర్వాత నన్ను చూసింది, చూశావా అన్నట్టు.

సరే, ఆ సాయంత్రం సంగతి. ముగ్గురికీ ఒక ఒప్పందం కుదిరాకే టీవీ మీది తువ్వాల తీశాం. కోడలు లోపలి గదిలో, పరదా వెనక, గోడ దిక్కు తిరిగి కూర్చోవాలి. టీవీ ముందర మేమిద్దరం ఉండాలి. నేను చూసింది చూసినట్టు చెప్పాలి, ఆ ఇంగ్లీషు గొంతు విని ఆమె ఏం చెయ్యాలో చెప్పాలి. రిమోటు ఒక్కరి చేతుల్లో నిలవలేదు. ఎడమ గుండీ మా వియ్యపురాలు పట్టుకుంది, కుడిది నేను.

"ఎడమది నడిపిస్తది. కుడిది మొఖం తిప్పుతది" అని పరదా వెనక నుంచి వినబడింది.

గోపురం లోపలామె పోయి గోడకు గుద్దుకుంది. మళ్లీ గుద్దుకుంది.

"ఆమెను గోడకేసి ఎందుకు కొడుతున్నవు వదినే?"

"నువ్వు మొఖం గోడకు పెట్టినవు. నేను యాడికి నడవాలె?"

"నువ్వు ఆగితే గద, నేను తిప్పేది."

"మీరిద్దరు జర కొట్లాడకుండ్రి. ఇప్పుడేం కనబడుతాంది?" అని కోడలు.

చెప్పాను. ఎర్ర లైటు వెలిగిందని, దాని కింద బండి చక్రంలాంటిది ఉందని, కిటికీలో పొగ పెరుగుతోందని, బయటామె తూలుతోందని. నా బతుకంతా కథలు జరిగిపోయినవే చెప్పాను. జరుగుతున్నది చెప్పడం, అది కూడా చెయ్యి తిప్పుకుంటూ, అదే మొదలు. చక్రం దగ్గరికి ఎట్లానో చేరాం.

"ఇగ బయటి తలుపు మూయుండ్రి" అంది కోడలు.

మా వియ్యపురాలు చెయ్యి తీసేసింది. "బయట మనిషుంటే మొఖం మీద తలుపు ముయ్యాల్నా? నేను ముయ్య."

"ఆమె కాలు గడప దాటిందా చెప్పుండ్రి అత్తమ్మా."

లోపలి తలుపు అద్దంలోంచి కిందికి తిప్పి చూశాను. రెండు తలుపుల మధ్య చిన్న అర ఉంది. దాంట్లో దుబ్బ పట్టిన రెండు బూట్లున్నాయి. "దాటింది బిడ్డా. లోపలికొచ్చింది."

"అయితే ముయ్యుండ్రి."

వదినె చేతిని పట్టుకుని నేనే ఒత్తించాను. ధన్‌మని అదే చప్పుడు. ఒక ఏడాది నా చెవుల్లో ఉన్న చప్పుడు. పొగ బయటే ఆగిపోయింది. తలుపు ఆమె మొఖం మీద మూసుకోలేదు, వీపు వెనక మూసుకుంది.

పరదా వెనక నుంచి చిన్నగా వినబడింది. "అత్తమ్మా, గదేనా?"

"గదే బిడ్డా. లోపల్నే ఉండె."

కిటికీలో నల్లటి ముద్ద జరిగింది. వెలుతురు సన్నటి చేతిగాజులాగా వచ్చి, గది నిండా పడింది. "గ్రహణం ఇడిసింది" అంది మా వియ్యపురాలు. లేచిపోయి చెంబులో పసుపు నీళ్లు కలిపి తెచ్చింది. గడప మీద చల్లింది, పరదా మీద చల్లింది, నా మీద చల్లింది. టీవీ దిక్కు తిరిగితే కోడలు లోపలి నుంచే, "అమ్మా, కరెంటు" అంది. చల్లకుండా ఆగి, "రా బిడ్డా, ఇగ చూడు" అని చెయ్యి పట్టుకుని తెచ్చి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టింది.

లోపలి తలుపు ఇంకా ఉంది. దానికి రిమోటు మీది చిన్న గుండీలు మూడు ఒక్కసారే ఒత్తాలట. తలా ఒకటి ఒత్తాం. తలుపు జరిగింది. దుబ్బ కొట్టుకున్నామె నిలబడి ఉంది. తలకున్న గాజు బుడ్డి తీసింది. మేమనుకున్నంత వయసులో చిన్నది కాదు, నెరిసిన జుట్టు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గోపురం లోపలామె ఒక్క మాట అంది. నేను కోడలి దిక్కు చూశాను, తెలుగులో చెప్పమని.

"వచ్చినవా, అంటాంది."

"గంతేనా?" అంది మా వియ్యపురాలు. "కూసోమనదా?"

ఆ గదిలో ఒక్కటే కుర్చీ ఉంది. గోపురం లోపలామె దాన్ని జరిపి, మీదున్న బట్టలు తీసి, వచ్చినామెను కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుంది.

"ఆ, ఇప్పుడు మంచిగున్నది" అంది మా వియ్యపురాలు. కోడలు నా భుజం మీద తల పెట్టింది. పేర్లు పడుతూనే ఉన్నాయి, ముగ్గురం చివరి పేరు దాకా చూశాం.